ఎంఎస్‌డబ్ల్యూతో పాటు క్రిమినాలజీ చదవొచ్చా? వరంగల్ నుంచి నా రివ్యూ

సూటిగా చెప్తాను. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తూ పక్కన క్రిమినాలజీ (నేరాల గురించి చెప్పే చదువు) కూడా తీసుకోవాలా అని అడిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా జవాబు, తీసుకోండి. కాకపోతే ఎండలో ఊళ్లు తిరగడానికి, పోలీస్ స్టేషన్ బెంచీ మీద గంటల తరబడి కూర్చోవడానికి, ఏడుస్తున్న తల్లి మాట పూర్తయ్యే దాకా ఆగడానికి మీకు ఓపిక ఉండాలి. టీవీలో చూపించే వేలిముద్రలు, డీఎన్‌ఏ పరీక్షలు, మనిషి మొహం చూసి దొంగను పట్టేసే ఆఫీసర్లు మీ మనసులో ఉంటే మీరు వెతుకుతున్నది ఫోరెన్సిక్ సైన్స్, దాని దారి వేరు. ఆ రెండూ ఒకటే అనుకుని చేరినవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు, మొదటి సెమిస్టర్ అయ్యేసరికి ఉత్సాహమంతా చల్లారిపోయింది.

నేను చదివింది ఏమిటో ముందు చెప్తాను, ఎందుకంటే మన వైపు ఈ రెండూ కలిపి ఒకే డిగ్రీగా అడిగితే చాలామందికి అర్థం కాదు. హనుమకొండలో రెగ్యులర్ ఎంఎస్‌డబ్ల్యూ, రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు, పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాసి తెచ్చుకున్న సీటు. దానికి తోడు దూరవిద్యలో క్రిమినాలజీ డిప్లొమా. ఒక కోర్సు కాలేజీకి వెళ్లి, ఇంకోటి దూరవిద్యలో, రెండూ ఒకేసారి చేసుకోవచ్చని యూజీసీ 2022లో స్పష్టంగా చెప్పింది, కాబట్టి ఆఫీసులో ఎవరైనా కుదరదు అంటే ఆ ఉత్తర్వు ప్రింటు తీసి చూపించండి. రెండూ ఒకే డిగ్రీలో కావాలంటే ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఉంది. 1936లో మొదలైన సంస్థ, దేశంలో సోషల్ వర్క్ చదువు పుట్టిందే అక్కడ, క్రిమినాలజీ అండ్ జస్టిస్‌లో సోషల్ వర్క్ పీజీ ఉంది. ఇప్పుడు జాతీయ ఎంట్రన్స్ సీయూఈటీ పీజీ రాసి వెళ్లాలి. సీటు వచ్చి, ముంబై ఖర్చు ఇంట్లో మోయగలిగితే రెండో ఆలోచన వద్దు. మాకు అది కుదరదు, ఇంటి దగ్గర పత్తి ఏరే టైముకు నేను ఉండాల్సిందే, అందుకే ఈ దారి.

ఇక అసలు విషయం. ఎంఎస్‌డబ్ల్యూలో మొదట నేర్పేది మనిషి దగ్గర ఎలా కూర్చోవాలి అన్నది. కేస్‌వర్క్ (ఒక్కో మనిషితో విడిగా చేసే పని) పేపర్లో బీస్టెక్ అనే రచయిత 1957లో చెప్పిన ఏడు సూత్రాలు ఉంటాయి, తీర్పు చెప్పకుండా వినడం, చెప్పింది గుట్టుగా ఉంచడం, అవతలి మనిషి తన నిర్ణయం తాను తీసుకునేలా వదలడం వగైరా. పరీక్షకు అందరూ బట్టీ పడతారు. క్రిమినాలజీ ఇంకో వైపు నుంచి వస్తుంది. ఒక పని నేరం ఎందుకైంది, ఎవరు అలా నిర్ణయించారు, శిక్ష వల్ల ఏం మారింది, దెబ్బ తిన్నవాళ్లకు చివరికి ఏం దక్కింది అని అడుగుతుంది. ఒక్క ఎంఎస్‌డబ్ల్యూ చదివిన మా క్లాస్‌మేట్లు పిల్లవాడితో మనసు విప్పి మాట్లాడించగలరు, కానీ ఆ పిల్లవాడి విషయంలో జువెనైల్ జస్టిస్ బోర్డు ఏ ఉత్తర్వు ఇవ్వగలదో తెలియక అక్కడే ఆగిపోయేవాళ్లు. ఎస్సై పరీక్షకు పనికొస్తుందని ఒక్క క్రిమినాలజీ చదివినవాళ్లకు సెక్షన్లు నోటికి వచ్చు, పిల్లవాడి తల్లి ఎదురుగా కూర్చుంటే మాత్రం మొదటి ప్రశ్నే "ఎందుకిట్ల పెంచినవ్?" అని. ఆ ఒక్క ప్రశ్నతో ఆ ఇంటి తలుపు మూసుకుపోతుంది.

ఈ రెండు చదువులూ ఒకే కాగితం మీద కలిసే చోటు ఒకటుంది, దాని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఏదైనా కేసులో దొరికితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద వాళ్లను బోర్డు ముందుకు తీసుకురావాలి. బోర్డు అంటే ఒక మెజిస్ట్రేట్, ఇద్దరు సోషల్ వర్కర్లు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. పిల్లవాడిని మొదటిసారి హాజరుపరిచిన రోజు నుంచి పదిహేను రోజుల్లో ప్రొబేషన్ ఆఫీసర్ ఒక సామాజిక విచారణ నివేదిక ఇవ్వాలి. ఆఫీసర్ లేకపోతే చైల్డ్ వెల్ఫేర్ ఆఫీసరో, సోషల్ వర్కరో రాయొచ్చు. రూల్స్‌లో అది ఫారం 6. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎవరి సంపాదన ఎంత, ఇంట్లో కొట్లాటలు ఉన్నాయా, బడి ఎందుకు మానేశాడు, స్నేహితులు తన ఈడువాళ్లా పెద్దవాళ్లా, మత్తు అలవాట్లు ఉన్నాయా, పిల్లవాడి మీద ఎప్పుడైనా దౌర్జన్యం జరిగిందా, పని చేయిస్తే కూలి ఇచ్చారా లేదా, ఇవన్నీ అందులో నింపాలి. చివర్లో ఆ పిల్లవాడు తిరిగి దారిలో పడటానికి ఏం చేస్తే బాగుంటుందో మన సిఫారసు రాయాలి.

ఫీల్డ్‌వర్క్‌లో భాగంగా ఇలాంటి నివేదికల కోసం ఇళ్లకు వెళ్లే ఆఫీసర్ మేడం వెంట నేను తిరిగాను. పిల్లల వివరాలు బయటపెట్టడం ఇదే చట్టం 74వ సెక్షన్ కింద నేరం, కాబట్టి ఊరు, ఇల్లు ఏదీ గుర్తుపట్టే విధంగా రాయను. బైకు ఎత్తుకుపోయిన కేసులు చాలా ఉంటాయి. ఒక తల్లి అన్న మాట ఇది: "పెట్రోల్ అయిపోయేదాక తోలి ఆడ్నే పారేసొచ్చిండు మేడం, అమ్ముకునే తెలివి వానికెక్కడిది." చట్టం తెలిసిన చెవికి ఆ మాట వేరేగా వినిపిస్తుంది. అమ్మే ఉద్దేశం లేదు, వెనక ముఠా లేదు, కొనే పెద్దమనిషి లేడు. సోషల్ వర్క్ చదివిన చెవికి ఇంకోటి వినిపిస్తుంది, ఆ తల్లి పగలంతా కూలికి పోతుంది, తండ్రి బొగ్గు లారీల మీద వారానికోసారి ఇంటికొస్తాడు, పిల్లవాడు తొమ్మిదో తరగతిలో బడి మానేస్తే ఇంట్లో ఎవరికీ చాలా రోజుల దాకా తెలియలేదు. ఈ రెండూ విన్నవాళ్లు రాసే నివేదికలో సిఫారసు గట్టిగా ఉంటుంది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయించడం, గ్రూప్ కౌన్సెలింగ్, ప్రొబేషన్ ఆఫీసర్ నిఘాలో ఇంటి దగ్గరే ఉంచడం అని ఒక్కొక్కదానికి కారణం చూపిస్తూ రాయొచ్చు. రెండూ వినని చోట "కుటుంబ పరిస్థితి బాగాలేదు, స్నేహితుల వల్ల చెడిపోయాడు" అని ప్రతి పిల్లవాడికీ ఒకే రెండు లైన్లు పడతాయి. అలాంటి నివేదికలు చూశాను, పేరు మారుస్తే ఏ పిల్లవాడికైనా సరిపోతాయి, అది చూసి నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే బోర్డులో కూర్చున్నవాళ్లకు ఆ పిల్లవాడి జీవితం కనిపించే కిటికీ ఆ కాగితం ఒక్కటే.

ఇంకో సంగతి, పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ ఎప్పుడు కట్టాలో కూడా రూల్స్‌లో ఉంది. ఘోరమైన నేరం అయితేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప కట్టకూడదు, జనరల్ డైరీలో రాసుకుని, ఆ పిల్లవాడి నేపథ్యం రాసి బోర్డుకు పంపాలి. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, ఇంకో రెండు నెలలు పొడిగించినా తేలకపోతే మూసేయాలి. ఇది తల్లిదండ్రులకు చెప్పేవాళ్లు లేరు. ఇంటి దగ్గర అరుగు మీద కూర్చుని ఇది చెప్తే ఒక నాన్న "గదేంది బిడ్డా, ఇగ వాని నౌకరీ పోయింది, జిందగీ ఖతమైంది అనుకున్నం గదా" అన్నాడు. రికార్డు వల్ల ఆ పిల్లవాడు ఉద్యోగానికి, చదువుకు అనర్హుడు కాకూడదని అదే చట్టం 24వ సెక్షన్‌లో ఉంది, పదహారు దాటినవాళ్ల ఘోర నేరాల విషయంలో మాత్రం మినహాయింపు. ఆ ఒక్క సెక్షన్ చెప్పడం కోసమైనా ఈ రెండో కోర్సు ఫీజు కట్టొచ్చని నాకు అనిపించింది.

జైలు విషయానికొస్తే వరంగల్‌లో చదివేవాళ్లకు ఒక పెద్ద లోటు ఉంది. నిజాం కాలంలో కట్టిన మన సెంట్రల్ జైలును 2021లో ఖాళీ చేయించి కూల్చేశారు, ఆ జాగాలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి. ఆసుపత్రి కావాల్సిందే, ఉత్తర తెలంగాణకు అది ఎంత అవసరమో ఎంజీఎం ఆసుపత్రిలో రాత్రి పడుకున్న వాళ్లందరికీ తెలుసు. కానీ ఖైదీలను చర్లపల్లి లాంటి వేరే జైళ్లకు మార్చారు. మా సీనియర్లు సిటీ బస్సులో వెళ్లి ఫీల్డ్‌వర్క్ చేసిన చోటు మాకు లేకుండా పోయింది. మా కన్నా ఖైదీల ఇంటివాళ్ల కష్టం ఎక్కువ. భూపాలపల్లి వైపు నుంచి ఒక అవ్వ కొడుకు ములాఖత్ కోసం హైదరాబాద్ దాకా పోవాలంటే ఒక రోజు కూలి, రానుపోను చార్జీలు, తోడు వచ్చే మనిషి కూలి, అన్నీ పోతాయి, పోయేసరికి టైము అయిపోయిందంటే మళ్లీ వారం. ఇంటివాళ్లు రాకపోవడం వల్ల ఖైదీ ఎలా మారతాడన్నది మా సిలబస్‌లో ఒక యూనిట్, ఇక్కడ అది కళ్ల ముందే జరుగుతోంది.

2022 చివరి నాటి జాతీయ లెక్కల్లో దేశం మొత్తం జైళ్లలో ఉన్నది 5,73,220 మంది, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి డెబ్బై అయిదుగురికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లే. ఇందులో ఎంతోమంది బెయిలు వచ్చినా షూరిటీ ఇచ్చేవాళ్లు దొరక్క లోపలే ఉండిపోతారు. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది, అప్పుడు విచారణ ఖైదీకి షూరిటీ కింద రూ.40,000 దాకా, జరిమానా కట్టలేని శిక్ష ఖైదీకి రూ.25,000 దాకా ఇస్తామన్నారు. సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 479వ సెక్షన్ ప్రకారం మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే వదలాలి, మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులు కాకుండా, వేరే కేసులు నడుస్తూ ఉండకూడదు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. ఖైదీ ఇంటికి వెళ్లి, ఆధార్, రేషన్ కార్డు వెతికి, ఊళ్లో షూరిటీ ఇచ్చే మనిషిని ఒప్పించి, ఉచిత న్యాయ సాయం చేసే లీగల్ సర్వీసెస్ వాళ్లకు ఫోన్ చేసే మనిషి కావాలి. టిస్ వాళ్లు 1990 నుంచి ప్రయాస్ పేరుతో ముంబైలో ఈ పనే చేస్తున్నారు. మన ఉత్తర తెలంగాణ జిల్లాలకు అలాంటి బృందం ఒకటి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

థియరీ పేపర్లు పొడిగా ఉంటాయని చాలామంది అంటారు. నాకు అలా అనిపించలేదు, ఎందుకంటే మన ఊళ్లలో పెట్టి చూస్తే ప్రతిదానికీ ప్రాణం వస్తుంది. అమెరికా క్రిమినాలజిస్టు సదర్లాండ్ 1939లో తెల్లచొక్కా (వైట్ కాలర్) నేరాల గురించి చెప్పాడు, పరువుగల వ్యాపారులు తమ వృత్తి చాటున చేసే నేరాలను నేరం కింద లెక్కేయడం లేదని ఆయన వాదన. దీన్ని మా సార్ అమెరికా కంపెనీలతో చెప్పుకుంటూ పోతుంటే మా వెనక బెంచీ నుంచి నర్సంపేట అబ్బాయి లేచి "సార్, నకిలీ మిర్చి విత్తనాలు ఇందులోకి రావా?" అన్నాడు. ఆ రోజు క్లాసు మొత్తం దాని మీదే నడిచింది. ప్యాకెట్ మీద కంపెనీ పేరు, బిల్లు లేదు, మొక్క ఏపుగా పెరుగుతుంది, కాయ రాదు, రైతు అప్పు మాత్రం మిగులుతుంది, అమ్మినాయన మర్నాడు కూడా షాపులో కూర్చుంటాడు. తెలంగాణలో నకిలీ విత్తనాలు అమ్మేవాళ్ల మీద పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టేలా చట్టం మార్చుకున్నారు. అయితే ముందస్తు నిర్బంధం వల్ల రైతుకు నష్టపరిహారం వచ్చిందా అన్న ప్రశ్న కూడా ఆ నర్సంపేట అబ్బాయే వేశాడు, ఆ ప్రశ్న సోషల్ వర్క్ వైపు నుంచి వచ్చింది.

ముద్ర సిద్ధాంతం కూడా అలాగే. మనిషికి దొంగ అని పేరు పెట్టి అందరూ అలాగే చూస్తే ఆ పేరు నుంచి బయటపడటం ఎంత కష్టమో చెప్పే సిద్ధాంతం. బ్రిటిష్ వాళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి కులాలకు కులాలనే పుట్టుకతో నేరస్తులని రాసేశారు, తర్వాత మద్రాసు వైపు ఎరుకల వాళ్లనూ అందులో చేర్చారు, స్వతంత్రం వచ్చాక 1952లో ఎత్తేశారు. ఇది చెప్తున్నప్పుడు మా క్లాసులో ఎరుకల ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి మాట్లాడింది. ఊళ్లో ఎవరి ఇంట్లో బంగారం పోయినా జీపు ముందు వాళ్ల వాడకే వస్తుందని, వాళ్ల నాన్న పందుల పెంపకం, బుట్టలల్లడం తప్ప ఏమీ ఎరగడని, అయినా రెండుసార్లు స్టేషన్లో రాత్రంతా కూర్చోబెట్టారని చెప్పింది. పుస్తకంలో రెండు పేజీలు ఉన్న సిద్ధాంతం మాకు ఆ గంటలో అర్థమైంది. ఇలాంటి క్లాస్‌మేట్లు దొరకడం మన ప్రభుత్వ సీట్ల గొప్పతనం, ఏ పెద్ద సిటీ కాలేజీకీ తీసిపోదు.

అన్నింటికన్నా నన్ను కుదిపింది బాధితుల గురించి చెప్పే పేపర్, విక్టిమాలజీ. 2008 డిసెంబర్‌లో మన వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు, ఒకరు చనిపోయారు, నిందితులు ముగ్గురూ రోజుల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అప్పుడు మేం చిన్నపిల్లలం, కానీ పెద్దవాళ్లు పోలీసులను ఎంత మెచ్చుకున్నారో ఇప్పటికీ ఇళ్లల్లో చెప్పుకుంటారు. మా క్లాసులో దీని మీద పెద్ద వాదన జరిగింది. మంచి పని చేశారన్నవాళ్లే ఎక్కువ, వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, నేనూ ఈ ఊళ్లోనే బస్సెక్కి కాలేజీకి వెళ్లిన ఆడపిల్లనే. కానీ మా మేడం ఒక్కటే అడిగింది, కాల్పులు జరిగిన తెల్లారి నుంచి ఆ అమ్మాయిల ఇళ్లల్లో ఎవరు ఏం చేశారో మీలో ఎవరికైనా తెలుసా అని. ఎవరికీ తెలియదు. యాసిడ్ దాడి బాధితులకు కనీసం మూడు లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది 2013లో. బాధితుల పరిహారం కోసం జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి దరఖాస్తు పెట్టుకునే వీలు ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 396లో ఉంది. నిందితుడు దొరకకపోయినా, ఎవరో తెలియకపోయినా పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలిసిన కుటుంబాలు ఎన్ని? నేరం జరిగాక ఊరి చూపంతా నేరస్తుడి మీదే ఉంటుంది, దెబ్బ తిన్న మనిషి పక్కన కూర్చునే ఉద్యోగం ఒకటుందని ఈ చదువు వల్లే నాకు తెలిసింది.

రెండు చదువులూ కొట్లాడుకునే చోటు కూడా ఉంది, చేరేవాళ్లు ముందే తెలుసుకోవాలి. సోషల్ వర్క్ గుట్టు కాపాడు అంటుంది. పోక్సో 19వ సెక్షన్ మాత్రం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా చెప్పి తీరాలి అంటుంది, చెప్పకపోతే శిక్ష ఉంది. పదిహేడేళ్ల అమ్మాయి, పందొమ్మిదేళ్ల అబ్బాయి ఇష్టపడి వెళ్లిపోతారు, అమ్మాయి నాన్న కేసు పెడతాడు, అబ్బాయి లోపల, అమ్మాయి హోమ్‌లో. మన జిల్లాల్లో కౌన్సెలర్ల దగ్గరకు వచ్చేవాటిలో ఇలాంటివి ఎన్నో. చాలాసార్లు వెనక కులం తేడా ఉంటుంది. అమ్మాయి "అక్కా, నేను నా ఇష్టంతోనే పోయిన" అంటుంది. చట్టం దృష్టిలో పద్దెనిమిది నిండని ఇష్టానికి లెక్క లేదు. అలాంటప్పుడు నోరు మూసుకుని వింటే సరిపోదు, సెక్షన్ అప్పజెప్పినా సరిపోదు. మాట మొదలుపెట్టక ముందే "నువ్వు చెప్పేదాంట్లో కొన్ని నేను పైవాళ్లకు చెప్పాల్సి వస్తుంది" అని ఆ అమ్మాయికి చెప్పాలని మాకు నేర్పారు. ఇది నేను నేర్చుకున్నవాటిలో చాలా విలువైనది. ఆ మాట చెప్పాక కూడా పిల్లలు మాట్లాడతారు, నమ్మి మాట్లాడతారు.

బాణామతి, చేతబడి అనుమానంతో ముసలివాళ్లను కొట్టే, చంపే ఘటనలు కూడా మన వైపు ఇంకా జరుగుతున్నాయి. హత్య కేసు అయితే పోలీసులు చూసుకుంటారు, ఆ ఊళ్లో జ్వరాలతో వరసగా పిల్లలు పోతే భయం ఎక్కడి నుంచి మొదలైంది, ఎవరు ఎవరి పేరు చెప్పారు, ఆ పేరు వెనక భూమి తగాదా ఉందా అని ముందే వెళ్లి చూసేవాళ్లు కావాలి. మా బ్యాచ్‌లో ఒకరు డిజర్టేషన్ దీని మీదే చేశారు, చాలా మంచి పని.

ఇప్పుడు బాగాలేనివి. ఎంఎస్‌డబ్ల్యూలో వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్ అని టైంటేబుల్‌లో ఉంటుంది. మా కాలేజీలో దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఏజెన్సీ పేరు మనమే వెతుక్కోవాలి, లెటర్ కోసం రోజులు తిరగాలి, సూపర్‌వైజర్ సెమిస్టర్ మొత్తంలో ఒక్కసారి వస్తే గొప్ప. వెళ్లకుండానే రికార్డు రాసి సంతకం పెట్టించుకున్నవాళ్లకూ, మండుటెండలో తిరిగినవాళ్లకూ దాదాపు ఒకటే మార్కులు. ఇది అన్యాయం, గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే ఈ కోర్సుకు ప్రాణం ఫీల్డ్‌వర్కే. దూరవిద్య డిప్లొమా విషయంలో రెండు ఇబ్బందులు. మెటీరియల్ అంతా ఇంగ్లీషు, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి రెండు నెలలు టెన్షన్ పడతారు, డిక్షనరీ పక్కన పెట్టుకోండి, తర్వాత అలవాటవుతుంది. రెండోది, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి, మాకు పంపిన పుస్తకాల్లో మాత్రం పాత ఐపీసీ, సీఆర్‌పీసీలే. హత్య 302 నుంచి 103కు, మోసం 420 నుంచి 318కి, భర్త వేధింపుల 498ఏ ఇప్పుడు 85కు మారింది. మేమే ఒక నోటుబుక్కులో పాతదీ కొత్తదీ పక్కపక్కన రాసుకున్నాం. పాత కేసులు పాత సెక్షన్లతోనే నడుస్తాయి కాబట్టి రెండూ రావాలి. ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవ కూడా ఒక శిక్షగా పెట్టారు, ఆ సేవ ఎక్కడ చేయించాలి, ఎవరు చూడాలి అన్నది పూర్తిగా మన చదువుకు సంబంధించిన ప్రశ్న, దాని మీద మా పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

మనసు మీద పడే బరువు గురించి కూడా కాలేజీలు ఏమీ చెప్పవు. 2020 మే నెలలో గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు దొరికిన కేసు మీకు గుర్తుండే ఉంటుంది, వాళ్లలో ఎక్కువమంది బతుకుదెరువు కోసం వచ్చిన ఒకే కుటుంబం, అదే ఏడాది నిందితుడికి ఉరిశిక్ష పడింది. ఇలాంటివి కేస్ స్టడీగా చదివిన రాత్రి నిద్ర పట్టదు. ఫీల్డ్‌లో విన్నవి ఇంటికొచ్చాక అమ్మకు చెప్పలేం. మేం నలుగురు అమ్మాయిలం శనివారం సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చుని, పేర్లు, ఊళ్లు ఎత్తకుండా, ఆ వారం ఎలా గడిచిందో ఒకరికొకరు చెప్పుకునేవాళ్లం. ఇది డిపార్ట్‌మెంట్ చేయాల్సిన పని. చేయకపోతే మీరే చేసుకోండి, వాయిదా వేయకండి.

ఉద్యోగాలు. ఇంట్లో మొదట అడిగేది ఇదే, "గీ సదువు సదివి ఏం కొలువు జేస్తవ్ బిడ్డా" అని. జిల్లా బాలల సంరక్షణ యూనిట్లలో ప్రొటెక్షన్ ఆఫీసర్, లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్, కౌన్సెలర్, సోషల్ వర్కర్ పోస్టులు ఉంటాయి, ఎక్కువగా కాంట్రాక్టు. బాలల కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం లెక్క ప్రకారం ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు నెలకు రూ.27,804, కౌన్సెలర్‌కు, సోషల్ వర్కర్‌కు రూ.18,536. సఖి కేంద్రాలు, భరోసా కేంద్రాలు, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్, స్వచ్ఛంద సంస్థలు కూడా తీసుకుంటాయి. చేసే పనికి ఈ జీతం తక్కువ, చాలా తక్కువ, ఒక పిల్లవాడి భవిష్యత్తు రాసే మనిషికి ఏడాదికోసారి కాంట్రాక్టు రెన్యువల్ కోసం ఎదురుచూసే పరిస్థితి ఉండకూడదు. టీచింగ్ వైపు వెళ్లాలంటే యూజీసీ నెట్ పరీక్షలో సోషల్ వర్క్, క్రిమినాలజీ రెండూ వేరువేరు సబ్జెక్టులుగా ఉన్నాయి. ఎస్సై, గ్రూప్స్ రాసేవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది, అయితే దాని కోసమే చేరడం దండగ, కోచింగ్ చాలు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ రెగ్యులర్ కోర్సు వరకే లెక్కేసుకోండి, దూరవిద్య ఫీజు మేం సొంత పైసలే కట్టాం. పరీక్షల తేదీలు రెండూ ఒకదాని మీద ఒకటి పడే ప్రమాదం ఉంది, అందుకే డిప్లొమాను మొదటి ఏడాది పెట్టుకోకండి, ఎంఎస్‌డబ్ల్యూ రెండో ఏడాది మొదలయ్యాక చేరండి, అప్పటికి ఫీల్డ్‌లో కొన్ని ఇళ్లు చూసి ఉంటారు, సెక్షన్ చదవగానే ఒక మొహం గుర్తొస్తుంది.

ఐదుకు ఎన్ని ఇస్తావంటే, రెండు సబ్జెక్టుల కలయికకు ఐదుకు ఐదు, మాకు నేర్పిన తీరుకు మూడు. కాలేజీ ఎంచుకునే ముందు బ్రోచర్ పక్కన పెట్టి, రెండో ఏడాది వాళ్లను క్యాంటీన్ దగ్గర పట్టుకుని మూడు సంగతులు అడగండి. పోయిన సెమిస్టర్ ఫీల్డ్‌వర్క్ ఎక్కడ చేశారు, సూపర్‌వైజర్ అక్కడికి వచ్చారా, జువెనైల్ బోర్డు సిట్టింగ్ ఎవరైనా చూశారా. వాళ్లలో ఒక్కరైనా తమ ఫీల్డ్‌వర్క్ రికార్డు తీసి చూపిస్తే, అందులో ప్రతి కేసూ వేరువేరుగా రాసి ఉంటే, ఆ కాలేజీ పేరే వెబ్ ఆప్షన్లలో మొదట పెట్టుకోండి.